పోపులపెట్టె సర్దేముందు

ఆ మొద్దు కాస్త లోపలికి తొయ్యరా చిన్నోడా. పచ్చికర్ర, పొగొస్తోంది. అమ్మడూ, నువ్విటు జరిగి కూర్చో. గాలి అటు తిరిగింది.

పండక్కి వచ్చావన్న మాటే గానీ, పొద్దుట్నించీ ఆ ల్యాప్‌టాప్ ఒళ్లోంచి దించలేదు నువ్వు. అరిసెల పాకం దగ్గరికి మీ అమ్మ రెండుసార్లు పిలిచింది. ఏమిటే అంత పని అని అడిగితే, "పాతికేళ్ల నాటి మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ తాతయ్యా, దానికి కొత్త మొహం గీస్తున్నాం" అన్నావు. ఆ మాట విన్నప్పట్నించీ నాకు ఊరుకోబుద్ధి కావడం లేదు. నలభై ఏళ్లు అలాంటి పనిముట్లనే నమ్ముకుని బతికినవాణ్ణి. వాటి మొహాలు మారడం చూశాను. మారిన రోజున ఎంతో అనుభవం ఉన్న చేతులు కూడా తడుముకోవడం చూశాను. అందుకని ఇవాళ దెయ్యాల కథలు లేవు. ఇదే కథ.

నేను మద్రాసు వెళ్లింది 1979లో. కోడంబాకం దగ్గర ఒక రికార్డింగు థియేటర్లో అసిస్టెంటు పని. పనంటే ఏముంది, మైకులు మొయ్యడం, వైర్లు చుట్టడం, ఇంజనీరు గారికి కాఫీ తేవడం. తొమ్మిదింటికి కాల్షీటంటే నేను ఏడింటికే అక్కడుండేవాణ్ణి. ఎందుకంటే నాకు ఇంకొక పని ఉండేది. దాన్ని మాత్రం ఎవరికీ వదిలేవాణ్ణి కాదు.

మైకుల శబ్దాలన్నీ కలిపే కన్సోల్ అంటే మన వీధరుగంత పొడుగు. దాని నిండా ఫేడర్లనే జారుడు మీటలు, నాబులు. ఒక్కో మైకుకి ఒక్కో నిలువు వరస. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఏ వరసలో వీణ పలుకుతోందో, ఏ వరసలో తబలా పలుకుతోందో చూసి చెప్పలేం. అందుకని ఫేడర్ల కింద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కాగితం టేపు అంటించి, దాని మీద స్కెచ్ పెన్నుతో రాయాలి. తబలా, ఢోలక్, వయొలిన్లు, ఫ్లూటు, వీణ, గాత్రం. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ పని నాకిచ్చారు. పాట అయిపోయాక ఆ టేపు పారేసేవాణ్ణి కాదు. జాగ్రత్తగా పీకి, అట్ట మీద అంటించి, మీద పాట పేరు రాసి బీరువాలో పెట్టేవాణ్ణి. పది రోజుల తర్వాత మళ్లీ అదే పాట పని పడితే, అదే టేపు అదే చోట పరవాలి.

మా ఇంజనీరు గారు మిక్సింగప్పుడు కళ్లు మూసుకునేవారు. తబలా ఎప్పుడూ ఐదో వరస. వీణ ఎప్పుడూ ఎనిమిది. ఆ రోజు పాటలో వీణే లేకపోయినా సరే, ఎనిమిదిని ఖాళీగా ఉంచేవారు గానీ ఇంకో వాద్యానికి ఇచ్చేవారు కాదు. ఒకసారి తెలివితక్కువగా అడిగాను, ఖాళీగా ఎందుకండీ, ఫ్లూటు అక్కడ పెడదామా అని. ఆయన కళ్లు తెరిచి నా వైపు చూసి ఒక్క మాటన్నారు: "చెయ్యి వెతుకుతుంటే చెవి వినదురా."

నలభై ఏళ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ మాటలోనే ఉందమ్మా. నీ పనికి కూడా అదే పనికొస్తుందనిపించి చెబుతున్నా.

తర్వాత 24 ట్రాకుల టేపు యంత్రం ఉన్న ఇంకో చోటికి మారాను. టేపు వెడల్పే రెండంగుళాలు. సెకనుకి పదిహేను అంగుళాల వేగంతో తిరిగితే పెద్ద రీలు మొత్తం అరగంట పైచిలుకు వస్తుంది, అంతే. ట్రాకుకొక ఎర్ర మీట చొప్పున ఇరవై నాలుగు. మీట నొక్కి రికార్డు పెట్టామంటే ఆ ట్రాకు మీద అంతకుముందు ఉన్నది చెరిగిపోతుంది. చెరిగిందంటే చెరిగిందే, మీకున్నట్టు కంట్రోల్ జెడ్ లేదు. ఒక రాత్రి రెండింటి వేళ పన్నెండు నొక్కబోయి పదకొండు నొక్కాను. పదకొండులో పొద్దున వాయించిన ఫ్లూటు. నాలుగు ఆవర్తాలు పోయాయి. వాయించినాయన అప్పటికి విజయవాడ రైల్లో ఉన్నాడు.

తప్పు నాదే. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఇంజనీరు గారు నన్ను తిట్టలేదు. మర్నాడు పొద్దున వెళ్లేసరికి, పని పూర్తయిన ట్రాకుల మీటల మీద చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఆయన చేత్తో రాసిన మాట: ముట్టకు. నన్ను మార్చడానికి చూడలేదాయన. నా ముందున్న యంత్రాన్ని మార్చారు. ఆ యంత్రం వెళ్లిపోయే రోజు వరకూ ఆ పద్ధతే నడిచింది.

చిన్నోడా, ఆ పిడకొకటి వెయ్యి.

1990 ప్రాంతాల్లో మా దగ్గరికి కంప్యూటరు వచ్చింది. అటారి ఎస్‌టి అని, 1985లో బయటికొచ్చిన రకం. కీబోర్డు వాద్యాన్ని కంప్యూటరుకి కలిపే మిడి సాకెట్లు దానికి పుట్టుకతోనే ఉన్నాయి, వేరే పెట్టె కొననక్కర్లేదు. అందుకే సంగీతం వాళ్లంతా దాన్ని పట్టుకున్నారు. నలుపు తెలుపు తెర. అడ్డంగా 640 చుక్కలు, నిలువుగా 400 చుక్కలు. పాటంతా 720 కిలోబైట్ల ఫ్లాపీలో ఇమిడేది.

ఆ తెర మీద నేను మొదట చూసింది క్యూబేస్. హాంబర్గులో ఉన్న స్టైన్‌బర్గ్ వాళ్లు 1989లో తెచ్చారు. అందులో పాట ఎడమ నుంచి కుడికి పరుచుకుని కనిపించింది. పై వరసలో డ్రమ్స్, కింద బేసు, దాని కింద తీగలు. పల్లవి ముక్కని రెండో చరణం తర్వాత మళ్లీ తేవాలంటే మౌసుతో పట్టుకుని లాగితే చాలు. అప్పటిదాకా నేనేం చేసేవాణ్ణో తెలుసా? టేపుని చేత్తో ముందుకీ వెనక్కీ జరిపి, మాట మొదలయ్యే చోటు చెవితో పట్టుకుని, తెల్ల మైనం పెన్సిలుతో గీత పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతికించడం. బ్లేడు జారితే వేలు తెగేది. అలాంటివాడికి ఆ తెర చూస్తే దణ్ణం పెట్టాలనిపించింది. కొత్తదంటే నాకు పడదనుకోకు. కొత్తదాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాణ్ణి.

నీ కీబోర్డు ఇలా ఇవ్వు, ఒకటి చూపిస్తా. దీనికి కుడిపక్క అంకెల గడి లేదా? సరే, గాల్లోనే చూపిస్తా, చూడు. ఇదిగో నక్షత్రం గుర్తు, రికార్డు. ఇది ఎంటర్, పాట మొదలు. ఇది సున్నా, ఆగు. కళ్లు మూసుకునే చేశాను కదా? అటారి రోజుల్లో నా కుడిచెయ్యి నేర్చుకున్న దారి ఇది. ఆ తర్వాత క్యూబేస్ తెర ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. రంగులొచ్చాయి, 1996లో నిజం మిక్సరులాంటి బొమ్మలొచ్చాయి, 2002లో ఎస్‌ఎక్స్ అని ప్రోగ్రామంతా కొత్తగా రాశారు. మొహం ఇన్నిసార్లు మారినా నక్షత్రం నేటికీ రికార్డే. సున్నా నేటికీ ఆగడమే. ఆ సాఫ్ట్‌వేరు ముప్పై అయిదేళ్లు దాటి బతికి ఉండటానికి ఇలాంటివి కూడా కారణమని నా నమ్మకం.

మీ నాయనమ్మ పోపులపెట్టె గుర్తుందా నీకు? ఇత్తడిది, లోపల ఏడు గిన్నెలు. నడిమి గిన్నెలో ఆవాలు, పక్కన జీలకర్ర, మినప్పప్పు, మెంతులు. నూనె కాగుతుంటే ఆవిడ చూపు మూకుడు మీద ఉండేది గానీ పెట్టె మీద ఉండేది కాదు. వేళ్లే వెళ్లి తెచ్చేవి. మీ అమ్మ కొత్తకోడలుగా వచ్చినప్పుడు, పెట్టె శుభ్రంగా తోమి, ఎండబెట్టి, అందంగా సర్దింది పాపం. జీలకర్ర మధ్యలోకి వచ్చింది. ఆ రోజు పప్పుచారులో ఆవాలు పడలేదు. మీ నాయనమ్మ ఏమీ అనలేదు. మీ అమ్మే గ్రహించి, సాయంత్రానికి మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేసింది. పెట్టె మాత్రం తళతళలాడుతూనే ఉంది. నేను చెప్పేదీ అదే. తోమొద్దని ఎవరన్నారు? తోమాలి. గిన్నెలు జరిపేముందు వంట చేసేవాళ్ల పక్కన నాలుగు రోజులు నిలబడాలి.

మార్చక తప్పని రోజు వస్తుంది, అదీ నాకు తెలుసు. ఆనాడు 640 చుక్కల తెర కోసం గీసిన మీటని, 3840 చుక్కల తెర మీద పెడితే ఆవగింజంత కనిపిస్తుంది. నా కళ్లకైతే అసలే కనిపించదు. ఎఫ్‌ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేరు వాళ్లు 2015లో పన్నెండో వర్షన్‌కి తెరనంతా ఎంత పెంచినా చెదరని గీతలతో మళ్లీ గీసింది అందుకే. ఇంకో బాధ ఏమిటంటే, ఏటేటా ఒక కొత్త సదుపాయం తగిలించుకుంటూ పోతే ఇరవై ఏళ్లకి అది సంతలో కొట్టులా తయారవుతుంది. సరుకంతా ఉంటుంది, కావలసింది దొరకదు.

పాత గోడ మీదే సున్నం మీద సున్నం కొట్టుకుంటూ పోయినా ప్రమాదమే. ఫినాలే అని స్వరాలు రాసే సాఫ్ట్‌వేరు, 1988 నాటిది. మద్రాసులో స్టాఫ్ నొటేషను చూసి వాయించే వయొలిన్ వాళ్లకి ఆ పేరు బాగా తెలుసు. 2024 ఆగస్టులో దాన్ని చేసే కంపెనీ, ఇక దీన్ని ముందుకి తీసుకెళ్లలేం అని ఆపేసింది. దశాబ్దాలుగా పేరుకున్న లక్షల వరసల కోడుని కొత్త కంప్యూటర్లకి తగ్గట్టు మోయడం ఏటికేడు కష్టమైపోయిందట. అదంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా ఏమీ చెయ్యలేకపోయారు.

అదే పని చేసే మ్యూజ్‌స్కోర్ కథ వేరు. జర్మనీలో వెర్నర్ ష్వేర్ అనే ఆయన 2002లో మొదలుపెట్టాడు. ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. అన్నీ చేస్తుంది గానీ, కొత్తవాడికి మొదటి స్వరం ఎలా పెట్టాలో తెలిసేది కాదు. మార్టిన్ కీరీ అని స్వరాలూ కట్టే, తెరలూ గీసే ఒకాయన, ఆ చిక్కులన్నీ ఒక్కొక్కటీ పట్టి చూపిస్తూ పెద్ద వీడియో చేశాడు. ఆ మాటలకి ఇంకొకళ్లయితే కోపం తెచ్చుకుందురు. మ్యూజ్‌స్కోర్ వాళ్లు ఆయన్నే పిలిచి తెర గీసే పని అప్పగించారు. 2022 డిసెంబరు 14న నాలుగో వర్షన్ వచ్చింది. అందరూ సంతోషించలేదు, పాత ప్లగిన్లు చాలా వాటంతటవి పనిచెయ్యలేదు. కానీ చూడు, మూడో వర్షన్ని పీకెయ్యక్కర్లేదు. రెండూ ఒకే కంప్యూటర్లో పక్కపక్కన ఉండొచ్చు. పాతదాంట్లో రాసుకున్న పాట కొత్తదాంట్లో తెరుచుకుంటుంది. అలవాటయ్యేదాకా ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ. నాకైతే అది మర్యాదగా తోచింది.

ఆ మర్యాద తప్పితే ఏమవుతుందో మీ నాన్ననడుగు. మన ఊళ్లో నెట్ సెంటరు పెట్టిన కొత్తలో అక్కడే పడి ఉండేవాడు, పాటలన్నీ విన్‌యాంప్‌లో. బూడిదరంగు చిన్న కిటికీ, పచ్చటి అంకెలు. 1997 నాటిది. 2002లో దాన్ని మొత్తం తిరగరాసి విన్‌యాంప్ 3 అని తెచ్చారు. చూపులకి బాగుంది గానీ బరువెక్కి నెమ్మదించింది. జనం వెనక్కెళ్లి రెండో వర్షనే పెట్టుకున్నారు. మొండికెయ్యకుండా కంపెనీ వాళ్లు దిగొచ్చారు. 2003 డిసెంబరులో రెండుకి మూడు కలిపి, నాలుగు వదిలేసి, అయిదు అని పేరు పెట్టారు. కొత్త తొడుగు కావాలంటే కొత్తది, పాత బూడిదరంగు కిటికీ కావాలంటే అదీ. ఏణ్ణర్థంలోపే తప్పు దిద్దుకున్నారు.

ఇంకొకటి. రాత్రి నువ్వు ఫోన్లో అంటుంటే విన్నాను, "వందలో ఇద్దరు కూడా వాడని మీటలు తీసేద్దాం" అని. అటక మీద గంగాళం ఉంది చూశావా, దాన్ని ఏడాదిలో ఎన్నిసార్లు దించుతాం? పెళ్లయితే ఒకసారి, శ్రాద్ధమైతే ఒకసారి. అలాగని అమ్మేస్తామా? వంటింట్లో గట్టు మీద పెట్టం, అంతే. యాపిల్ వాళ్ల లాజిక్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేరులో ఈ పద్ధతి చూశాను. లోతైన పనిముట్లన్నీ సెట్టింగుల్లో ఒక టిక్కు వెనక పెట్టారు. కొత్తగా నేర్చుకునే పిల్లాడికి అవి కనపడవు, బెదిరిపోడు. ముప్పై ఏళ్లుగా వాడేవాడు ఒక్క టిక్కు పెట్టుకుంటే అటక మీదవన్నీ కిందికి దిగుతాయి. ఆ ఇద్దరికీ ఆ మీటే అన్నం పెడుతూ ఉండొచ్చమ్మా. లెక్కలో ఇద్దరే, ఆ ఇద్దరి ఇళ్లలో పొయ్యి వెలగాలి కదా.

అన్ని మార్పులూ ఏడిపిస్తాయని కాదు. ఒడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరులో శబ్దం ముక్కని పక్కకి జరపాలంటే, ముందు జరిపే పనిముట్టు వేరే ఎంచుకోవాల్సి వచ్చేది. 2021లో ముక్క నెత్తిన ఒక పట్టీ పెట్టారు. దాన్ని పట్టుకుని లాగడమే. నేర్చుకోవడానికి నాకు అర నిమిషం పట్టింది. పాత పనిముట్టు కోసం నేను ఒక్కరోజు కూడా వెతుక్కోలేదు. చెయ్యి ఎటు పోబోతోందో అటే ఉంది మరి.

ఇప్పుడు అసలు మాటకి వస్తున్నా. ఇది చెప్పాలనే ఇంతసేపూ కూర్చోబెట్టాను.

మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే ఒకాయన ఉన్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. సినిమా పనులు తగ్గాక, ఇంట్లోనే భక్తిపాటలకి సంగీతం చేసి పంపేవాడు. ఒక్కడే, ఎవరి సాయమూ లేకుండా. ఆయన కంప్యూటరు తెర మీదున్నది పైకి చదివి చెబుతుంది. ఎన్‌విడిఎ అని ఒక స్క్రీన్ రీడరు, ఆస్ట్రేలియా వాళ్లు చేసి ఉచితంగా ఇస్తున్నారు. ఆయన ట్యాబ్ నొక్కుతూ పోతే అది "రికార్డ్ బటన్, ప్లే బటన్, ట్రాక్ మూడు, మ్యూట్" అని చెప్పుకుంటూ పోయేది. అది మాట్లాడే వేగం నాకు అర్థమయ్యేదే కాదు. ఆయన మటుకు మధ్యలోనే పట్టేసి పని కానిచ్చేవాడు. చూపున్న నాకంటే రెండింతలు వేగం.

ఆయన వాడే సాఫ్ట్‌వేరు, పేరొద్దులే, ఒక రోజు కొత్త మొహం పెట్టుకుంది. ఆ సాయంత్రం ఫోను చేశాడు. గొంతు వణుకుతోంది. "గురువుగారూ, మా ఇంట్లో గోడలు జరిపేశారండీ" అన్నాడు. నాకర్థం కాలేదు. ఆటో ఎక్కి వెళ్లాను. గదిలో లైటు లేదు, ఆయనకి అక్కర్లేదుగా. కీబోర్డు ముందు కూర్చుని ట్యాబ్ నొక్కుతున్నాడు. యంత్రం చెబుతోంది: "బటన్." ఇంకోసారి నొక్కాడు. "బటన్." మళ్లీ. "బటన్. బటన్. బటన్." అన్నీ బటన్లే, ఏది ఏమిటో పేరు లేదు.

లైటు వేసి నేను తెర చూశాను. ఎంత అందంగా ఉందో! నల్లటి నేల, గుండ్రటి మూలలు, సన్నటి గీతలతో చక్కటి గుర్తులు. గీసినవాళ్లు ఎంత కష్టపడ్డారో తెలుస్తూనే ఉంది. మీటల్ని సొంతంగా కొత్త పద్ధతిలో గీసుకున్నారు గానీ, ఒక్కోదానికి స్క్రీన్ రీడరు చదివేలా పేరు తగిలించడం మర్చిపోయారు. నేను ఆ రోజుల్లో ఫేడర్ల కింద అంటించిన కాగితం టేపు ఉంది చూశావా, అదే లేదు అక్కడ. చూపున్నవాడికి బొమ్మలు కనిపిస్తున్నాయి కాబట్టి ఆ లోటు తెలియలేదు.

మూడు వారాలు ఆయనకి పని లేదు. ఒప్పుకున్న రెండు పాటలు వేరేవాళ్లకి పోయాయి. నేను పక్కన కూర్చుని, ఇది రికార్డు, ఇది మ్యూటు అని చెబుతుంటే చేద్దామని చూశాం. కుదరలేదు. ఆయన చెయ్యి నా మాట కోసం ఆగుతుంటే చెవి పాటని వదిలేస్తోంది. మా ఇంజనీరు గారి మాట ఆ గదిలో గుర్తొచ్చింది నాకు.

చివరికి ఆయనే రీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేరుకి మారాడు. దానికి ఒసారా అని ఒక తగిలింపు ఉంది. ఎన్‌విడిఎ చేసిన ఇద్దరిలో ఒకడైన జేమీ టే దాన్ని మొదలుపెట్టాడు. ఆయనకీ చూపు లేదు, అందుకే ఏం కావాలో ఆయనకి తెలుసు. మావాడికి కొత్త గదిలో గోడలు గుర్తుపట్టడానికి ఆర్నెల్లు పట్టింది. యాభై ఆరేళ్ల వయసులో ఆర్నెల్లు. ఇప్పుడు హాయిగా చేసుకుంటున్నాడు. మొన్న కార్తీకమాసంలో శివుడి పాటలు చేసి పంపాడు కూడా.

మంట తగ్గింది, ఇక లేద్దాం. రేపు భోగి, తెల్లారకుండా లేవాలి.

అమ్మడూ, ఒక్కటే అడుగుతున్నా. నీ కొత్త బొమ్మ సిద్ధమయ్యాక, మీ ఆఫీసులో పెద్దవాళ్లకి చూపించేముందు ఆయనకొకసారి పంపు. పక్కన కూర్చుని, ఆయన ట్యాబ్ నొక్కుతుంటే నీ తెర ఏం మాట్లాడుతుందో నీ చెవులతో విను. ఆయన నంబరు నా డైరీలో ఉంది. రేపు తలంటు అయ్యాక నేనే ఫోను కలుపుతాను.